అరుగు మీది చెంబు

నాగూరయ్య గురువుగారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పేవారు కాదు. కండువా దులిపి భుజాన వేసుకుని, "పద, అలా వెళ్ళొద్దాం" అనేవారు. ఎండలో నడవలేనివాళ్ళు ఆయన్ని ప్రశ్నలు అడగడం ఏనాడో మానేశారు. మోకాళ్ళు గట్టిగా ఉన్నవాళ్ళే శిష్యులుగా మిగిలారని ఊళ్ళో వేళాకోళం చేసేవారు.

కోటిరత్నం అలా మిగిలిన శిష్యురాలు. నడిగడ్డపాలెం ఆమెకు పుట్టిల్లూ మెట్టిల్లూ కూడా. ఇప్పుడు ఆ ఊరికి సర్పంచి. ఒకరోజు పొద్దున్నే వచ్చి దండం పెట్టి, చాప మీద కూర్చోకుండానే అడిగింది.

"అక్కర తీరిపోయిన కట్టడాన్ని ఏం చెయ్యాలి గురువుగారూ?"

ఏ కట్టడం గురించో ఆయనకు తెలుసు. ఊరికి దూరంగా, వాగు అవతల, సర్కారువారి కుష్ఠు ఆసుపత్రి ఉంది. ఊళ్ళో దాన్ని పెద్దరోగం ఆసుపత్రి అంటారు, అదీ గొంతు తగ్గించి. మంచి మందులొచ్చాక రోగం తగ్గుముఖం పట్టింది. రోగులు లేరు, డాక్టరు లేడు. రెండు వార్డులు, వంటశాల, నర్సుల ఇళ్ళు ఖాళీగా పడి ఉన్నాయి. ఇవి మాకు అక్కర్లేదు, ఉంచుకుంటారో పడగొట్టుకుంటారో మీ ఊరే తేల్చుకోమని పైనుంచి కబురొచ్చింది. ఇక ఊరు ఊరంతా ఇంజనీర్లయిపోయారు. కుర్రకారు కల్యాణమండపం అన్నారు. మిర్చి వ్యాపారులు గోదాము అన్నారు. కోటిరత్నం తండ్రి సుబ్బరామయ్య మాత్రం ఎవరి మాటా సాగనివ్వలేదు. "ఒక్క రాయి కూడా మిగలకూడదు, నేలమట్టం చేసెయ్యండి" అని పంచాయతీలో బల్ల గుద్ది కూర్చున్నాడు. ఆ చోటంటే ఆయనకెందుకంత మంటో కూతురికి అర్థం కాలేదు.

దీనికి తోడు ఇంకో చిక్కు. అంకమ్మ అనే ముసలామె ఇంకా అందులోనే ఉంటోంది. రోగం నయమై చాలా ఏళ్ళు గడిచాయి. తీసుకెళ్ళడానికి ఎవరూ రాలేదు, పొమ్మనడానికి ఎవరికీ మనసు రాలేదు, అలా ఉండిపోయింది. ఏం కట్టాలన్నా ఏం కూల్చాలన్నా ముందు ఆమెను పట్నంలోని అనాథాశ్రమానికి తోలెయ్యాలి. రేపే తీర్మానం.

"ఆ ముసలామె ఉసురు పోసుకోలేను. ఊరి మాట కాదనే ధైర్యమూ చాలడం లేదు" అంది కోటిరత్నం.

గురువుగారు కండువా దులిపారు.

ఆసుపత్రి గేటు పక్కన నడుమెత్తు అరుగు ఒకటి ఉంది. దాని సంగతి ఊళ్ళో పిల్లలకు కూడా తెలుసు. ఆ రోజుల్లో లోపలున్న మనిషికి ఇంటినుంచి కూడు తెచ్చినవారు దాన్ని అరుగు మీద పెట్టి, తుమ్మచెట్టు దాకా వెనక్కి వెళ్ళి చప్పట్లు కొట్టాలి. అప్పుడు లోపలి మనిషి వచ్చి తీసుకోవాలి. చేతికి చెయ్యి తగలకూడదు. తెచ్చిన గిన్నె మళ్ళీ ఇంటికి పోకూడదు. అది ఆసుపత్రివాళ్ళు పెట్టిన నియమం కాదు, ఊరు పెట్టుకున్నది.

వాళ్ళిద్దరూ వెళ్ళేసరికి అంకమ్మ వసారా ఊడుస్తోంది. వేళ్ళు సగం సగమే మిగిలిన చేతుల్లో చీపురు ఒడుపుగా ఆడుతోంది. మనుషుల్ని చూసి కొంగు సర్దుకుంది.

"దాహంగా ఉంది తల్లీ" అన్నారు గురువుగారు.

ఆమె లోపలికి వెళ్ళి ఇత్తడి చెంబుతో నీళ్ళు తెచ్చింది. తెచ్చి అరుగు మీద పెట్టింది. వసారా దాకా వెనక్కి నడిచి చప్పట్లు కొట్టింది. ఆ చేతులతో చప్పుడు పెద్దగా రాలేదు.

గురువుగారు చెయ్యి చాచి నిలబడ్డారు. "చేతికియ్యి తల్లీ."

"అలవాటు లేదయ్యా" అని ఆమె నవ్వింది. "తీసుకోండి, తోమిన చెంబే."

ఆయన కాసేపు అలాగే చూసి, ఇక ఆమె రాదని తెలిసి, తనే తీసుకుని సగం తాగి చెంబు కోటిరత్నానికి అందించారు. ఆమె ఎత్తి పోసుకోబోతుంటే చెంబు మెడ మీద చెక్కిన అక్షరాలు కనబడ్డాయి. చిలకా రామచంద్రయ్య. అది ఆమె తాతగారి పేరు. ఇలాంటి చెంబే పుట్టింట్లో ఒకటుంది. జంటలో రెండోది బావిలో పడిపోయిందని నాయనమ్మ చెప్పేది.

"ఇది నీకెక్కడిది?"

"నాది కాదమ్మా, శేషమ్మది. నువ్వెవరి అమ్మాయివి?"

"సుబ్బరామయ్యగారి కూతుర్ని."

అంకమ్మ ఆమె ముఖంలోకి తేరిపార చూసింది.

"అయితే నీ పెళ్ళి మేళం మేమిన్నాం. శేషమ్మకి అప్పటికే రోగం తగ్గి ఎన్నో ఏళ్ళయింది. తమ్ముడొచ్చి తీసుకెళ్తాడని మూట కట్టుకునే ఉండేది. ఆ రోజు, నా మేనకోడలి పెళ్ళే అని, ఉతికిన చీర కట్టుకుని ఈ గేటు కాడ కూకుంది. ఊరేగింపు వాగు దాకా వస్తే పిల్ల మొహం కనపడుద్దని. మీరటు తిరిగి పోయారు. మరుసటేడు తనూ పోయింది."

శేషమ్మ అంటే తండ్రికి అక్క. కోటిరత్నం పుట్టకముందే విషజ్వరంతో పోయిందని ఇంట్లో చెప్పారు. మహాలయ అమావాస్యకు చనిపోయిన పెద్దలతో పాటు ఆమె పేరున కూడా బియ్యం ఇచ్చేవారు. బతికున్న మనిషి పేరున! ఆ బియ్యం చేటలో పోసి తెచ్చేది చిన్నప్పుడు కోటిరత్నమే. తను టాపులేని జీపులో దండలేసుకుని నవ్వుతూ కూర్చున్న పూట, వాగుకు ఇవతల ఒక మనిషి తనకోసం మెడ సాచి చూస్తూ కూర్చుంది. ఆమెకు దుఃఖం పొర్లుకొచ్చింది. చెంబును గుండెకు హత్తుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. అంకమ్మ ఉన్నచోటునుంచి కదలలేదు.

ఏడుపు తగ్గాక మిగిలిన నీళ్ళతో ముఖం కడుక్కుంది. చెంబు అరుగు మీద పెట్టి, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ నాలుగడుగులు వెనక్కి వేసింది. అప్పుడు అంకమ్మ వచ్చి, చెంబు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

తిరుగుదారిలో కోటిరత్నం మాట ఆగలేదు. "ఒక్క గోడ కూడా కూలనివ్వను. ముందు మా నాన్ననే నిలదీస్తాను, ఆ తర్వాతే పంచాయతీ. సున్నం కొట్టిస్తాను. ఒక వార్డు దిక్కులేని ముసలివాళ్ళకి, ఒకటి కాన్పులకి. గుమ్మం మీద మా మేనత్త పేరు రాయిస్తాను. అంకమ్మ బతికున్నన్నాళ్ళూ ఆ వసారా అంకమ్మదే. ఊరు నన్ను వెలివేసినా సరే." గురువుగారు వింటూ నడిచారు.

వాగు దాటాక ఆమె ఆగింది. "నేను అనుకున్నది సరైందేనా గురువుగారూ?"

ఆయన వెనక్కి తిరిగి గేటు వైపు చూశారు.

"అంతా బాగుందమ్మా. చెంబు మాత్రం అరుగు మీదే పెట్టొచ్చావు."