అందుకో గుట్టకు ఆఖరి మెట్టు ఎందుకు లేదు

రాళ్లవాగు దాటగానే కుడిచేతి వైపు కనిపించే చిన్న కొండను ఈ చుట్టుపక్కల వారందరూ అందుకో గుట్ట అంటారు. దాని మీద గుడి లేదు. ఒక కొయ్య సిలువ, దాని ముందు బలిపీఠంగా ఒక నాపరాతి బండ, పైన ఆకాశం. ఎక్కడానికి అరవై మూడు మెట్లు ఉన్నాయి. మొదటిసారి వచ్చిన భక్తులు వీటిని చూసి రెండు ఫిర్యాదులు చేస్తారు. కింది మెట్లు మోకాలెత్తున ఉండి ఆయాసం తెప్పిస్తాయి, పైకి పోయేకొద్దీ చిన్నవై జానెడు కూడా ఉండవు. "ఈ మేస్త్రీ ఎవరండీ బాబూ" అని అడగనివారు అరుదు. రెండో ఫిర్యాదు, ఆఖరి మెట్టు అసలు లేనేలేదు. అక్కడ నడుమెత్తు బండ ఉంటుంది. పైనున్నవారు ఎవరైనా చెయ్యి ఇస్తే తప్ప ఎక్కడం కుదరదు.

మేస్త్రీని తిట్టుకోనక్కరలేదు. ఈ మెట్లకు కొలతలు ఇచ్చింది ఒక ఆడమనిషి నోరు.

పూర్వం ఇక్కడ మెట్లు లేవు. గుట్ట వెనక ముళ్లలోంచి మేకల దోవ ఒకటి ఉండేది. ఆ రోజుల్లో గుట్ట దగ్గరి పాలెంలో శౌరమ్మ అనే విశ్వాసురాలు ఉండేది. జపమాల తప్పేది కాదు, తిట్టూ తప్పేది కాదు. బావి దగ్గర ఆమె బిందె కనపడితే చాలు, మిగతా బిందెలు దారి ఇచ్చేవి. ఒకనాడు ఆరబోసిన జొన్నల్లో కోడి దూరిందని తోడికోడలు లూర్దమ్మతో తగువు పడింది. ఆ ఏడే లూర్దమ్మ నెలల బిడ్డ జ్వరంతో పోయింది. కోపంలో శౌరమ్మ, "బిడ్డను మింగినదానివి, నీకు నా జొన్నలొక లెక్కా" అనేసింది.

అన్న మాట అందరికంటే ముందు ఆమెకే వినపడింది. లూర్దమ్మ కోడిని ఎత్తుకుని లోపలికి వెళ్లింది. మళ్లీ ఆమెతో మాట్లాడలేదు. ఆ ఆదివారం నుంచి శౌరమ్మ గుడిలో వెనక గోడకు ఆనుకుని కూర్చునేది. ఒక నెలపాటు ఎవరినీ తిట్టకుండా ఉంటేనే పూజలో ఇచ్చే దివ్యసత్ప్రసాదం తీసుకుంటానని తనకు తానే షరతు పెట్టుకుంది. మూడేళ్లు గడిచాయి. ఆ నెల రాలేదు. వారం దాటితేనే గొప్ప.

అప్పుడు పాలేనికి ఇన్నాసి స్వామి విచారణ గురువుగా వచ్చారు. క్రీస్తు తిరిగి లేచిన పాస్కా పండుగకు ముందు వచ్చే నలభై రోజుల తపస్సు కాలం మొదట్లో, శౌరమ్మ తన తప్పులు ఒప్పుకునే పాపసంకీర్తనం విని, ఆయన ఒక ప్రాయశ్చిత్తం విధించారు. నోరు జారిన ప్రతిసారీ వాగులోంచి ఒక రాయి తెచ్చి గుట్ట కింద పెట్టాలి. తిట్టు ఎంతదైతే రాయి అంతది. స్వామి ఊరికి కొత్త కాబట్టి పదో పన్నెండో వస్తాయనుకున్నారు.

శౌరమ్మ తెచ్చిన మొదటి రాయి ఆ తపస్సు కాలంలోది కాదు, మూడేళ్ల కిందటి మాటది. గడ్డపార వేసి పొద్దస్తమానం దొర్లించింది. అది ఎందుకో లూర్దమ్మకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. వాకిట్లో నిలబడి చూసింది, అంతే.

తర్వాత రాళ్లు వరసగా వచ్చాయి. శౌరమ్మ వాగు వైపు నడిస్తే, "ఎవరికో తగిలింది" అని పిల్లలు చప్పట్లు కొట్టేవారు. అందుకు ఇంకో రాయి. నలభై రోజులు పూర్తి కావచ్చేసరికి కుప్ప మనిషెత్తయింది. దాన్ని చూసుకుని ఆమె గుండె జారిపోయింది. స్వామి దగ్గరికి వెళ్లి, "నేను మారే మనిషిని కాదు స్వామీ. రేపటి నుంచి గుడికి రాను" అంది.

స్వామి కుప్ప చుట్టూ తిరిగి చూశారు.

"ఈ అడుగునున్నవి ఇద్దరు మోసే రాళ్లు. పైనవి అరచేతిలో పడతాయి. వాగులో పెద్దవి అయిపోయాయా?"

"లేదు స్వామీ. నిన్న 'పోవే పిచ్చిదానా' అన్నాను. దానికి ఎంత రాయి పడుద్ది?"

"అదే నేనూ అడిగేది. ఎన్ని రాళ్లో చూశావు కానీ ఎంతెంతవో చూసుకున్నావా శౌరమ్మా?"

సత్ప్రసాదం బాగుపడినవారికిచ్చే బహుమానం కాదనీ, బాగుపడుతున్నవారు తినవలసిన కూడనీ స్వామి చెప్పారు. పాస్కా పండుగ పూజ గుట్ట మీద పెడదామని, ఈ రాళ్లతోనే మెట్లు వేయమని ఊరివారిని కోరారు. పెద్దవి కిందికి వచ్చాయి. చిన్నవాటిని నాలుగైదు కలిపి సున్నంతో పేర్చారు. పాస్కా ముందురోజు సాయంత్రం గుడి గంట మోగే వేళకు రాళ్లు అయిపోయాయి. ఇంకో మెట్టు మిగిలింది.

పాస్కా ఉదయం అందరికంటే ముందు శౌరమ్మ ఎక్కింది. ఆఖరి బండ దగ్గర ఆగిపోయింది. సిలువ చుట్టూ ఊడవడానికి పాత మేకల దోవన ముందే వచ్చిన లూర్దమ్మ, చీపురుతో పైన నిలబడి ఉంది.

"ఏంటక్కా, రాయి తక్కువైందా? నన్నో మాట అనరాదూ, మెట్టు పూర్తయిద్ది."

మూడేళ్ల తర్వాత మొదటి మాట అది. శౌరమ్మ నోరు తెరిచింది. తిట్టు రాలేదు, ఏడుపు వచ్చింది. "ఆ రోజు అన్నదానికి..." అని మొదలుపెట్టింది.

"ఆ రాయి మీద కాలు పెట్టే వచ్చావుగా," అంటూ లూర్దమ్మ చీపురు పక్కన పడేసి వంగింది. "అందుకో అక్కా."

గుట్టకు ఆ మాటే పేరయింది. ఆ పూజలో శౌరమ్మ సత్ప్రసాదం తీసుకుంది. అయితే ఆ మధ్యాహ్నమే విందులో వడ్డన దగ్గర ఎవరినో కసిరిందనీ, సాయంత్రం చింతగింజంత రాయి తెచ్చిందనీ పెద్దలు చెబుతారు. ఆ రాయి ఏదని అడగవద్దు, ఎవరికీ దొరకలేదు.

నేటికీ భక్తులు తమ తప్పుకు తగిన రాయి వాగులోంచి తెచ్చి గుట్ట కింద ఉంచుతారు. మరుసటి పాస్కాకు ముందు అరిగిన మెట్లను వాటితోనే బాగుచేస్తారు. ఆఖరి మెట్టును సిమెంటుతో కట్టించాలని సంఘం రెండుసార్లు తీర్మానించబోయింది. రెండుసార్లూ ఆ సమావేశంలోనే రాళ్లు తేవలసినంత గొడవ అయింది. మూడోసారి ఎవరూ ఎత్తలేదు.

ఇక్కడికి వచ్చి వెళితే లోపాలన్నీ పోతాయని మేము చెప్పం. ఏటేటా వచ్చేవారి రాయి చిన్నదవుతోందని మాత్రం చూస్తున్నాం. భక్తులకు ఒక మనవి. పైకి చేరగానే మోకరిల్లకండి. ముందు వెనక్కి తిరిగి చెయ్యి చాచండి. కింద నిలబడింది మీరు మాట్లాడని మనిషే అయితే, ఇంకాస్త వంగండి.