బొటనవేలి కింది పరుగు

“అవ్వా, వయసు మీద పడేకొద్దీ గుండెను కాపాడుకునేదెట్లా?”

ఓబులేసు ఈ మాట అడిగింది గుట్ట కింది ఆశ్రమంలో, ఒక పొద్దున, ఎడమ మణికట్టును కుడిచేత్తో పట్టుకొని. ప్రశ్న మామూలుదే. అడిగిన మనిషి మాత్రం నిలబడిన చోట నిలబడలేకపోతున్నాడు. తండ్రి ఏ వయసులో ఛాతీ పట్టుకొని కూలిపోయాడో, ఈ ఏడు తానూ ఆ వయసుకు వచ్చాడు. చుట్టుపక్కల ఊళ్ళకంతా అతనే చెక్కభజన గురువు. అతను అడుగు మారిస్తే వలయమంతా అడుగు మార్చేది. అలాంటివాడు ఉగాది నుంచి చెక్కలు ముట్టలేదు.

పట్నంలో డాక్టరు పరీక్షలన్నీ చేయించి, “గుండె బాగుంది. బీపీ కొంచెం ఉంది. మాత్ర మానొద్దు, ఉప్పు తగ్గించు, బీడీ వదిలెయ్, రోజూ నడువు” అని పంపించాడు. మాత్ర వేసుకున్నాడు, ఉప్పు తగ్గించాడు, బీడీ కూడా వదిలేశాడు. నడక దగ్గరే కాలు మొండికేసింది. నడిస్తే గుండె కొట్టుకుంటుంది, కొట్టుకుంటే వినబడుతుంది, వినబడితే తండ్రి గుర్తొస్తాడు. ఎవరైనా నవ్వించబోతే పక్కకు తప్పుకున్నాడు. భార్య గొంతు పెంచితే “నా గుండెకు మంచిది కాదు” అని తలుపేసుకున్నాడు. దీనికంతటికీ జాగ్రత్త అని పేరు. భయానికి మర్యాదైన పేర్లు వెతకడంలో మనకు మనమే సాటి.

వంటసాలలోంచి రంగమ్మ ఊరుకోలేదు. “ఏమప్పా, నాడి చూసి చూసి ఆ మణికట్టు అరిగిపోతాదేమో! కొంచేపు ఆ చేతులు నాకియ్యి, ఉల్లిగడ్డలు తరగాల.”

ఓబులేసు నవ్వలేదు. నవ్వితే ఎక్కడ దడ పెరుగుతుందోనని.

ఆశ్రమానికి పెద్ద చౌడమ్మవ్వ. అడిగినదానికి కూర్చొని జవాబు చెప్పే అలవాటు ఆమెకు లేదు. “నడుస్తా మాట్లాడుకుందాం, రా” అని గుట్ట దారి పట్టింది. మొదటి మలుపు దగ్గరే ఓబులేసు ఆగిపోయాడు.

“నాతో కాదవ్వా. ఏమన్నా అయితే?”

“అయితే ఆడనే ఉండు” అని ఆమె వెనక్కి చూడకుండా ఎక్కిపోయింది.

ఉండటమూ అతనికి చేతకాలేదు. కూర్చున్నాడు, లేచాడు, నాడి చూసుకున్నాడు, మళ్ళీ చూసుకున్నాడు. అంతలో పైన అవ్వ ఒక బండ మీద కూర్చోవడం కనిపించింది. ఆమె తల ముందుకు వాలింది. ఎంతకీ లేవదు. “అవ్వా!” అని పిలిచాడు. పలుకు లేదు. “అవ్వో!” అని గొంతు చించుకున్నాడు. ఊహూఁ. తండ్రి తల కూడా సరిగ్గా అట్లాగే వాలింది.

ఆ తర్వాత చెప్పులు ఎక్కడ జారిపోయాయో, పంచెను ఏ కంప చీల్చిందో అతనికి తెలియదు. బండను చేరుకోగానే ఆమె మణికట్టు అందుకొని బొటనవేలు అదిమిపెట్టాడు. వేలి కింద ఒకటే దడదడ.

“కదలొద్దవ్వా! నీ గుండె ఎట్లా కొట్టుకుంటాందో! పండుకో, మాట్లాడొద్దు!”

అవ్వ తలెత్తింది. రెండో చేతిలో పిన్నీసు, అరికాల్లో సగం తీసిన ముల్లు. “అబ్బ, ఇంత దగ్గరికొచ్చి అరిస్తే నాలాంటి చెవిటిదానికి గూడా వినపడతాది. ఏమైందిరా?”

“నీ నాడి...”

“బొటనవేలితో చూస్తే ఏం తెలుస్తాది పిచ్చోడా? దాంట్లో దాని నాడే కొట్టుకుంటాది. తియ్యి.” అతని చూపుడువేలు, నడిమివేలు తానే తెచ్చి మణికట్టు మీద ఆనించుకుంది.

ఓబులేసు కాసేపు వెతికాడు. దొరికింది. ఎవరి గొడవా పట్టనట్టు, నింపాదిగా కొట్టుకుంటోంది.

“మరి ఇందాక పరిగెత్తింది?”

“నేను కూర్చొనే ఉండాను గదా.”

అతను కిందికి చూశాడు. ఆశ్రమం పైకప్పు అరచేయంత కనిపించింది. ఛాతీలో నొప్పి కోసం తడుముకున్నాడు. ఆయాసం దొరికింది గాని నొప్పి దొరకలేదు. “ఇంతసేపూ గుండె మాటే మరిచిపోయినానే” అన్నాడు, తప్పు చేసి దొరికినవాడిలా. వెంటనే మళ్ళీ కంగారు. “రోజూ ఇట్లా పరిగెత్తమంటావా అవ్వా?”

“పరిగెత్తమని ఎవురు చెప్పినారు? డాక్టరు నడవమన్నాడు.”

“మరి మా నాయన?”

అవ్వ మళ్ళీ పాదం మీదికి వంగింది. ముల్లు లాగి పారేసి, అతని భుజం ఆసరాతో లేచింది. కుంటుతోంది. ఓబులేసు వేళ్ళు ఇంకా ఆమె నాడి మీదే ఉన్నాయి, ఎక్కడ తప్పిపోతుందో అన్నట్టు.

“మణికట్టు వదిలి చెయ్యి పట్టుకోరా,” అంది అవ్వ. “దిగాల.”