గడప దగ్గర పగలని గిన్నె

గెంజో గిన్నె పగలాల్సిన రోజున పగల్లేదు. తప్పు అక్కడే జరిగింది. తరవాత వచ్చిన కష్టాలన్నీ దాని పిల్లలే.

సరే, మొదటినుంచీ చెప్తాను. ఊఁ కొట్టేవాళ్లు కొట్టండి, నిద్రొచ్చేవాళ్లు పడుకోండి.

ఇది ఎప్పటి మాటో ఎవరికీ తెలియదు. కొండలకి పేర్లు పెట్టకముందని కొందరంటారు, మరీ అంత పాతది కాదని కొందరంటారు. పొద్దు అందరికన్నా ముందు పొడిచే జపాను దేశంలో, రెండు కొండల నడుమ, కమిదాని అని ఒక కుమ్మరి పల్లె ఉండేది. పల్లె మొత్తానికీ కుండలు కాల్చే ఆవం ఒకటే. మన ఆవంలాంటిది కాదు. కొండవాలు మీద మెట్లుమెట్లుగా పైకి పాకిన పొడుగాటి ఆవం. దానికి గదులు, ఇంటికో గది. కింద మంట పెడితే ఆ వేడి గదిగదికీ ఎక్కి పైదాకా పోతుంది. ఆవంలో గది ఉన్న ఇల్లు కుమ్మరి ఇల్లు. గది పోయిందా, ఆ ఇంటివాళ్లు కుండలు చేసే సారె పక్కన పెట్టి ఊళ్లోవాళ్లకి కట్టెలు కొట్టాల్సిందే.

ఆ దేశంలో కంచం నేలమీద పెట్టుకుని తినరు. అన్నం గిన్నెని ఎడమచేత్తో పట్టుకుని, నోటి దగ్గరికి ఎత్తి, రెండు పుల్లలతో తింటారు. అందుకని గిన్నె చేతికి అమరాలి. ఇంట్లో ఎవరి గిన్నె వాళ్లదే. మొగుడి గిన్నెలో పెళ్లాం తినదు, తల్లి గిన్నెలో కొడుకు తినడు. మనిషి పోతే, శవం గడప దాటుతుండగా ఆ మనిషి గిన్నె గడప మీద పగలగొడతారు. నీ గిన్నె ఇక ఇక్కడ లేదు, అన్నానికని వెనక్కి రాకు, సుఖంగా వెళ్లు అని దానర్థం.

ఆ పల్లెలో గెంజో అనే కుమ్మరి ఉండేవాడు. మాట తక్కువ, పని ఎక్కువ. గిన్నెని నునుపు కోసం వేసే పూతలో ముంచేటప్పుడు మూడు వేళ్లతో పట్టుకునేవాడు. వేళ్లు ఉన్నచోట పూత అంటదు కదా, అక్కడ మూడు మట్టి మచ్చలు మిగిలేవి. తినేవాడి వేళ్లు వెతుక్కోకుండానే ఆ మచ్చల్లోకి వెళ్లి కూచునేవి. భార్య ఇసెకి ఒక గిన్నె చేశాడు. కొడుకు కిసకుకి ఒకటి చేశాడు. తనకొకటి చేసుకున్నాడు.

కోడలికి మాత్రం చెయ్యలేదు. కోడలి పేరు ఫుకి. పైకొండల్లో బొగ్గులు కాల్చేవాళ్ల పిల్ల. పుట్టింటినుంచి ఒక చెక్క గిన్నె చంకన పెట్టుకుని ఆ ఇంటికొచ్చింది. ఆ చలికాలమే ముసలాయన మంచం పట్టాడు. చేతులు వేడెక్కాక నీ గిన్నె చేస్తానులే పిల్లా అన్నాడు. ఎండలు రాలేదు, చేతులు వేడెక్కలేదు, గెంజో పోయాడు. ఫుకి చెక్క గిన్నెలోనే తినేది, పొద్దంతా మట్టి తొక్కేది. ఆ ఇంట్లో ఆమె పని అది. మట్టి తొక్కేదాన్ని ఎవరూ ఏదీ అడగరు.

శవం లేచింది. ఇసె కొంగు చాటున ఏదో పట్టుకుని గడప దగ్గరికొచ్చింది. చెయ్యెత్తి కొట్టింది. భళ్లుమంది. ఊరంతా తల వంచుకుని, వెళ్లాడు మహానుభావుడు అనుకున్నారు. ముక్కలు ఊడ్చే పని ఫుకిది. ఊడుస్తుంటే ముక్కల్లో ఒక బొడిపె దొర్లింది. అన్నం గిన్నెకి బొడిపె ఎందుకుంటుంది? అది ముల్లంగి ఊరవేసిన జాడీ మూత. మూడు మచ్చల ముక్క ఎక్కడా లేదు.

మట్టి తొక్కే ఫుకి చూసింది. చూసి ఊరుకుంది.

మర్నాడు ఇసె గెంజో గిన్నెని గుడ్డలో చుట్టి, చెక్క పెట్టెలో పెట్టి, అటక మీద దాచింది. అక్కడితో ఆగినా బాగుండేది. తన గిన్నె కూడా చుట్టి పెట్టింది. కొడుకు గిన్నె కూడా చుట్టి పెట్టింది. చారు గిన్నెలు, టీ గిన్నెలు, పచ్చడి పళ్లేలు, గెంజో చెయ్యి తగిలినవన్నీ పెట్టెల్లోకెళ్లాయి. మళ్లీ చేసేవాడు లేడు, పగిలితే రావు అంది. ఇంటిల్లిపాదీ చెక్క గిన్నెల్లో తిన్నారు.

మట్టి తొక్కే ఫుకి చూసింది. చూసి ఊరుకుంది.

ఇప్పుడు సారె మీద కిసకు కూర్చున్నాడు. తండ్రి పని నేర్చినవాడే. మొదటి ఆవం దింపాడు. గిన్నెలు ఆకుల్లా పలచగా వచ్చాయి, చూడ్డానికి ముచ్చటగా ఉన్నాయి. కొండ కనుమ దగ్గర సత్రంవాళ్లు పట్టుకెళ్లారు. వేడి చారు పోసుకున్న బాటసారి వేళ్లు కాలి గిన్నె ఒళ్లో వదిలేశాడు. తరవాత ఏం కాలిందో అడక్కండి.

రెండో ఆవం. ఈసారి కాలకూడదని మందంగా చేశాడు. పక్కింటి నుయి ఒక గిన్నె ఎత్తి చూసి, "కిసకూ, ఇది అన్నం తినడానికా, నువ్వులు నూరడానికా? రోకలి కూడా ఇస్తావేమోనని అడుగుతున్నాను," అంది. వీధి వీధంతా నవ్వింది.

మూడో ఆవం. బరువు కుదిరింది, మందం కుదిరింది, అంచు కుదర్లేదు. చారు తాగితే సగం నోట్లోకి, సగం గడ్డం మీదకి. చంటిపిల్లల్లా పెద్దవాళ్లు మెడకి గుడ్డ కట్టుకుని కూర్చోవాల్సొచ్చింది.

ఊళ్లో గొణుగుడు మొదలైంది. గెంజో వెళ్లకుండా ఇంటిని పట్టుకుని వేలాడుతున్నాడేమో అన్నారు. ఆవానికి పెద్దయిన తొకుబెయి వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, మంచిగానే చెప్పాడు. ఆవం ఊరందరిది, కట్టెలు ఊరందరివి, పాడు గిన్నెలకి మంట పెట్టలేం. ఆకులు రాలే కాలంలో పెట్టే ఆవం ఒకటి చూస్తాం. అదీ పోతే మీ గది ఇంకొకరికి ఇస్తాం.

ఆ పూట అన్నాలకి కూర్చున్నారు. ఫుకి మొగుడి చెయ్యి చూసింది. ఎడమచేతిలో చెక్క గిన్నె ఉంది. వేళ్లు ఆ గిన్నె పొట్ట మీద అటూ ఇటూ తిరుగుతున్నాయి, చీకట్లో గడియ తడుముతున్నట్టు. మూడు మచ్చల కోసం. ఆ మనిషికే తెలియదు తన వేళ్లు వెతుకుతున్నాయని. ఫుకికి అర్థమైంది. పుట్టిన దగ్గర్నుంచీ పూటపూటా తండ్రి చేసిన గిన్నె పట్టుకున్న చెయ్యి అది. ఎంత మందమైతే కాలదో, ఎలాంటి అంచైతే కారదో, అన్నం తింటూ నేర్చుకుంది. చెక్కకి వేడి ఎక్కదు, బరువుండదు. చెక్క పట్టుకుని పట్టుకుని చెయ్యి మట్టిని మరిచిపోయింది.

మట్టి తొక్కే ఫుకి చూసింది. ఈసారి ఊరుకోలేదు.

"అత్తా, పెట్టెలు దించనా?"

ఇసె తల ఎత్తలేదు. "పగిలితే?"

"పగుల్తాయి."

"మళ్లీ చేసేవాడు లేడు."

"చేసేవాడు ఇదిగో, చెక్క గిన్నెలో తింటున్నాడు."

ఇసె మొహం ఎర్రబడింది. "ఈ ఇంట్లో గిన్నే లేనిదానివి, గిన్నెల సంగతి నీకెందుకే?"

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. కిసకు తల వంచుకున్నాడు. ఫుకి మాత్రం పుల్లలు పక్కన పెట్టి, గొంతు పెంచకుండా చెప్పింది. "ఊరగాయ జాడీకి ఇన్నాళ్లూ రాతిపలక కప్పుతున్నాను అత్తా. మూత ఏమైందని నిన్ను ఎప్పుడైనా అడిగానా?"

పొయ్యిలో కట్టె చిటపటమంది. ఇసె గొంతులో ఇప్పుడు కోపం లేదు. "అది పగిలితే ఆయన వెళ్లిపోతాడే."

"ఉండి ఏం చేస్తున్నాడు, పెట్టెలో?"

ఇసె గోడవైపు తిరిగి కూర్చుంది. దించమనలేదు, వద్దనలేదు. వద్దనలేదు కాబట్టి ఫుకి నిచ్చెన వేసింది.

పెట్టెలు దించి, గుడ్డలు విప్పి, అన్నీ కడిగింది. కిసకు అన్నం కిసకు గిన్నెలో వడ్డించింది. అత్త అన్నం అత్త గిన్నెలో వడ్డించింది. గెంజో గిన్నెలో టీ పోసి అత్త ముందు పెట్టింది. పోయినవాడి గిన్నె ముట్టడం ఆ ఊళ్లో ఎరగని పని. మొదటిరోజు ఇసె దాన్ని చూడలేదు. రెండోరోజు చలిగా ఉందని చేతులు దాని చుట్టూ పెట్టుకుంది. మూడోరోజు తాగింది.

ఇక కిసకు. వేళ్లు మచ్చల్లోకి వెళ్లి కూర్చోగానే తినడం ఆపేశాడు. గిన్నె పైకీ కిందకీ ఊపి చూశాడు. అంచు మీద పెదవి ఆనించి ఊరికే ఉండిపోయాడు. తరవాత అన్నం గిన్నె పట్టుకునే లేచి సారె దగ్గరికి పోయాడు. సారె పక్కనే దించుకుని, ఒక ముద్ద తింటూ, ఒక గిన్నె లాగుతూ, చీకటి పడేదాకా కూర్చున్నాడు. గిన్నెలో మట్టి పడ్డా తిన్నాడు. ఫుకి తొక్కిన మట్టే కదా.

ఆకులు రాలే ఆవం చల్లారింది. గది తలుపుకి అడ్డంగా పేర్చిన ఇటుకలు తీశారు. తొకుబెయి ఒక గిన్నె తీసుకుని, పొయ్యి మీద ఉడికే చారు నిండా పోయించుకున్నాడు. చుట్టూ ఊరు నిలబడింది. నుయి అందరికన్నా ముందు నిలబడింది. పెద్దాయన గిన్నె ఎత్తాడు. వేళ్లు కాలలేదు. చెయ్యి వాలలేదు. తాగి, గడ్డం తుడుచుకోబోయాడు. తుడవడానికేమీ లేదు. గది సంగతి అందరూ అడుగుతుంటే, ఇంకాస్త చారు పొయ్యమని గిన్నె చాచాడు. అదే తీర్పు.

ఆ చలికాలం మంచు బాగా పడింది. ఇసె వాగు దగ్గర గిన్నెలు కడుగుతోంది. వేళ్లు కొంకర్లు పోయాయి. గెంజో గిన్నె జారి రాయి మీద పడింది. కిసకు పరుగెత్తుకొచ్చాడు. ఫుకి కూడా వచ్చింది. ఇసె ముక్కల్ని చూసింది. మూడు మచ్చలూ ఒకే ముక్క మీద ఉన్నాయి.

"వెళ్లాడు," అంది. "ఎప్పుడూ ఇంతే. తోస్తే గానీ గడప దాటేవాడు కాదు," అంది.

ఏడుస్తుందనుకున్నారు. ఏడవలేదు. ఆకలేస్తోంది, అన్నం పెట్టమంది.

ఆ ముక్కలు దాచుకుంటావా అని కిసకు తల్లిని అడిగాడు. ఆమె కోడలి వైపు చూసింది. ఫుకి ముక్కలన్నీ రోట్లో వేసి మెత్తగా దంచింది, జల్లెడ పట్టింది, మట్టిలో కలిపి తొక్కింది. ఆ మట్టితో కిసకు ఒక గిన్నె చేశాడు. పూతలో ముంచేటప్పుడు మూడు వేళ్లతో పట్టుకున్నాడు. ఆవంలోంచి తీసి పెళ్లాం చేతికిచ్చి, "బరువుగా ఉంటే చెప్పు, నువ్వులు నూరుకుందువుగాని," అన్నాడు.

ఫుకి గిన్నె అది. దాంట్లో ముసలిదయ్యేదాకా తిన్నది. ఒకసారి పెద్ద దొరగారి మనిషి వచ్చి, ఆ యేటి ఆవంలో అన్నిటికన్నా మంచి గిన్నె కావాలన్నాడు. అది వంటింట్లో ఉంది, అందులో చారుంది. తినడం అయ్యాక కడిగిస్తాను, కూర్చోండి అంది ఫుకి. ఆయన కూర్చున్నాడు. ఆయనకీ ఒక గిన్నెలో పోసింది. వెళ్లేటప్పుడు మంచి గిన్నె సంగతి మరిచిపోయి, తాను తాగిన గిన్నె అడిగి పట్టుకెళ్లాడు.

ఫుకి పోయినరోజు, మనవడి పెళ్లాం గడప మీద ఆమె గిన్నె పగలగొట్టింది. జాడీ మూత కాదు, గిన్నే. ముక్కలు దంచితే ఇంటింటివాళ్లూ వచ్చి చిటికెడు చిటికెడు పట్టుకెళ్లి తమ మట్టిలో తొక్కుకున్నారు. నుయి మనవరాలు రెండు చిటికెలు తీసుకుంది.

ఇప్పటికీ కమిదానిలో కొత్తకోడలు గడప దాటి వస్తే, కూర్చోమనేముందు చేతిలో ఆమె గిన్నె పెడతారు. చెయ్యి జారి ఏదైనా పగిలితే ఎవర్నీ తిట్టరు. ఫుకి అవ్వకి మట్టి కావాల్సొచ్చింది అంటారు. గెంజో గిన్నెలు పెట్టిన పెట్టెలా? వాటిలో కోళ్లు గుడ్లు పెట్టేవి.

ఆ అలవాట్లన్నీ ఊరు పెట్టుకున్నవి. ఫుకి పెట్టింది ఒక్కటే. తన గిన్నె చేతికొచ్చిన పూట, మొదటి ముద్ద తినకముందు, అత్తకీ మొగుడికీ వినబడేలా చెప్పింది. ఈ ఇంట్లో గిన్నె పెట్టెలోకి పోదు. ఏ ఆవం దింపినా మంచిది ముందు నా వంటింటికి రావాలి, మిగిలినవే ఊరికి. ఆ తరవాత ఎన్ని ఆవాలు దింపారో ఎవరూ లెక్కపెట్టలేదు. ప్రతిసారీ ఆమే వెళ్లింది, ఆమే ఎంచింది, ఆ పూటే అన్నం వండి అందులో వడ్డించింది.