ఒళ్ళు చల్లబడింది

ఏదైనా అడిగితే తిన్నగా జవాబు చెప్పడం డాక్టర్ కూర్మారావు గారికి ఇంటా వంటా లేదు. ఆ సంగతి తెలిసీ, ఆయన దగ్గర కిడ్నీ ఆపరేషన్లు నేర్చుకుంటున్న ఉదయశ్రీ ఆ పొద్దున వార్డు రౌండ్స్‌లో అడగనే అడిగింది.

"సార్, రాయి అడ్డుపడి కిడ్నీలో చీము పట్టినప్పుడు మూత్రం దారిన కింద నుంచి స్టెంట్ వేయడం మేలా, వీపులోంచి గొట్టం దించడం మేలా?"

"ఎవరికి?" అన్నారాయన నడుస్తూనే.

ఎవరికేమిటి! ఆ పిల్ల ఎన్ని పేపర్లు చదివిందని! దేనితో జ్వరం తొందరగా తగ్గుతుందో, దేనితో నొప్పి ఎక్కువో, గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతూ వెంట నడిచింది. అలా దాలయ్య మంచం దాకా వచ్చారు. ఉప్పుమడుల్లో కూలిపని చేసే దాలయ్య సరిగ్గా ఆ జబ్బుతోనే తెల్లవారుజామున చేరాడు. అప్పుడు మంచం ఎగిరేలా వణికిన మనిషి ఇప్పుడు కదలకుండా పడుకున్నాడు. మందులు ఎక్కుతున్నాయి కదా, థియేటర్ ఖాళీ అయ్యాక స్టెంట్ వేద్దామని ఉదయశ్రీయే ఆపి ఉంచింది.

అతని భార్య తవిటమ్మ మొహం చేటంత చేసుకుని ఎదురొచ్చింది. "జొరం దిగిపోనాది బాబూ! ఒల్లు సల్లబడిపోనాది. నూకాలమ్మ తల్లి సల్లగా సూసింది!"

"మంచిదమ్మా," అనేసి ఉదయశ్రీ మళ్ళీ ఆయన వైపు తిరిగింది. "అయితే సార్, స్టెంట్ వేస్తే..."

కూర్మారావు గారు దాలయ్య మణికట్టు పట్టుకుని నిలబడిపోయారు. ఉదయశ్రీ కూడా ఆ చెయ్యి ముట్టుకుంది. అమ్మో! చల్లగా, చెమటతో జారిపోతోంది. నాడి అందలేదు. దిగింది జ్వరం కాదు. చీము రక్తంలోకి ఎక్కి మనిషే చేజారిపోతున్నాడు.

థియేటర్లో ఇంకా ఎవరిదో ఆపరేషన్ నడుస్తోంది. ఆయన ఆగలేదు. సెలైన్ జోరు పెంచమని నర్సుకు చెప్పి, స్కానింగ్ మిషన్ మంచం దగ్గరికే తెప్పించి, దాలయ్యను పక్కకు తిప్పి, వీపుకు మత్తుసూది వేసి గొట్టం దించారు. చిక్కటి చీము సంచిలోకి బుసబుసా దూకింది. తాను సంబరపడింది దేనికో అప్పుడు తెలిసిన తవిటమ్మ నోట కొంగు కుక్కుకుని గోడవార కూలబడింది.

సాయంత్రానికి దాలయ్య కళ్ళు తెరిచి మంచినీళ్ళడిగాడు.

అతన్ని చూసి వచ్చి చేతులు కడుక్కుంటున్న గురువుగారి దగ్గరికి ఉదయశ్రీ వెళ్ళింది. "అయితే వీపు దారే మేలా సార్?"

"థియేటర్ ఖాళీగా ఉంటే కింది దారే పట్టేవాణ్ణేమో. అది సరే గానీ, ఒళ్ళు చల్లబడిందని ఆవిడ చెబితే నువ్వేమన్నావమ్మా?"

"మంచిదన్నాను సార్."

ఆయన కుళాయి కట్టేశారు.

"ఆవిడ అనొచ్చు."