గాలి తీసేదాకా

లెక్కల మాస్టరు దస్తగిరికి తమ్ముడి మీద కోపం పోయింది. ఆ మాట తనే ఆదోని కోటకింద ఉండే తన గురువు లతీఫ్ హజరత్ ఇంటికి వెళ్లి చెప్పుకున్నాడు.

తండ్రిని మట్టి చేసిన రోజు, ఊరి జనం ముందర తమ్ముడు మౌలాలి తన మీద కేకలేశాడు. ఆ మాటలు ఏండ్ల తరబడి ముల్లులా గుచ్చుకుంటూనే ఉన్నాయి. హజరత్ చెప్పినట్టు రోజూ తెల్లారకముందే లేచి కూచుని దేవుణ్ణి తలుచుకోగా తలుచుకోగా, ఇప్పటికి ఆ మంట చల్లారింది.

"వాని మీద నాకేం లేదు హజరత్. మనసులోనే క్షమించేసినా."

హజరత్ తస్బీ పూసలు తిప్పుతూ విన్నారు. మంచిదన్నారు. అమ్మకెట్లుందని అడిగారు.

అమ్మ ఫక్కీరమ్మకు గొంతులో గడ్డ. గడ్డ కరగడానికి కర్నూలు పెద్దాసుపత్రిలో కరెంటు, అదే రేడియేషన్, పెడుతున్నారు. మెడ చుట్టూ చర్మం కమిలి నల్లబడింది. దాని మీద చెమట కారితే కారం చల్లినట్టుండేది ఆమెకు. అందుకే దస్తగిరి ఆమెను కారులో ఏసీ వేసుకుని తీసుకుపోయి తీసుకొచ్చేవాడు.

నడి మే నెలలో ఆ ఏసీ ఆగిపోయింది. కంప్రెసర్ బిగుసుకుపోయింది, ఉన్న గ్యాసంతా కారిపోయింది. ఊళ్లోనే పాత బస్టాండు వెనక కార్ల ఏసీలు బాగుచేసే షాపు మౌలాలిదే. అమ్మ నోరు తెరిచి ఏదో అనబోతే, ఇంత పనికి ఎవరినో అడిగేదెందుకు, ఇంటి దగ్గర నేనే చేస్తానన్నాడు దస్తగిరి. అది కోపం కాదని తనకు తాను చెప్పుకున్నాడు. చేతనైన పని చేసుకోవడంలో తప్పేముంది?

కర్నూలు నుంచి కొత్త కంప్రెసర్ తెప్పించాడు. సాయంత్రాలు ఫోన్లో వీడియోలు చూసి పని నేర్చుకున్నాడు. ఆదివారం పొద్దున్నే ఇంటి ముందర కారును ఎత్తి స్టాండ్ల మీద నిలిపి కిందికి దూరాడు. బెల్టు వదులు చేశాడు. రెండు పైపులూ ఊడదీశాడు. బోల్టులు విప్పి పాతదాన్ని కిందికి దించాడు. అంతవరకూ బాగానే జరిగింది.

కొత్తదాన్ని ఎక్కించడమే కుదరలేదు. ఒక చేత్తో ఆ బరువును పైకెత్తి పట్టుకోవాలి, ఇంకో చేత్తో బోల్టును సరిగ్గా రంధ్రంలో పెట్టి తిప్పాలి. బోల్టు మర ఎక్కేలోగా కంప్రెసర్ జారేది. మళ్లీ ఎత్తేవాడు. మోచేతులు గీసుకుపోయాయి.

ఫక్కీరమ్మను చూడటానికని హజరత్ వచ్చింది అప్పుడే. కాసేపు కారు పక్కన నిలబడి చూశారు. తర్వాత చెప్పులు విడిచి, తెల్ల జుబ్బాతోనే నేల మీద వెల్లకిలా పడుకుని కారు కిందికి జరిగారు. దస్తగిరి వద్దు వద్దంటున్నా వినలేదు. రెండు చేతులతో కంప్రెసర్‌ను పైకెత్తి పట్టుకున్నారు.

"బిగించు నాయనా."

బోల్టులు ఒకదాని వెనక ఒకటి ఎక్కాయి. పైపులకు కొత్త రబ్బరు రింగులు వేసి బిగించాడు, బెల్టు తొడిగాడు. పైకి లేచేసరికి హజరత్ జుబ్బా వీపంతా మట్టి, రొమ్ము మీద నూనె మరక. దస్తగిరికి సిగ్గేసింది. ఆయన మాత్రం చేతులు కడుక్కుని, ఇక చల్లగాలి వస్తుందా అని అడిగారు.

రాదన్నాడు దస్తగిరి. పైపుల్లో చేరిన గాలీ తేమా ముందు మిషను పెట్టి లాగేయాలి. ఆ తర్వాతే గ్యాసు నింపాలి. అది ఇళ్లల్లో ఉండే మిషను కాదు.

"యెమ్మిగనూరులో ఉందంట హజరత్. అక్కడికి పోయొస్తా."

"మేమూ వస్తాం. అమ్మను కూచోబెట్టు."

ఈ ఎండలో అమ్మెందుకని దస్తగిరి నసిగాడు. రేపు కర్నూలు ప్రయాణం ఎటూ ఈ కారులోనే కదా, చల్లగాలి చాలుతుందో లేదో అమ్మే చూసుకుంటుంది అన్నారు హజరత్. ఫక్కీరమ్మ మారుమాట లేకుండా వచ్చి వెనక సీట్లో కూచుంది. హజరత్ ముందు కూచున్నారు.

అద్దాలు దించితే వడగాలి, ఎక్కిస్తే ఉక్క. హజరత్ నుదుటి మీంచి చెమట ధారగా కారి గడ్డంలోకి పోతోంది. ఆయన తుడుచుకోలేదు. డ్రైవరు ముందరి చిన్న అద్దంలో వెనకున్న అమ్మ కనిపిస్తోంది. చెమట మెడ మీదికి దిగకుండా కొంగుతో గవద దగ్గరే అద్దుకుంటోంది. ఒక్కసారి కూడా అబ్బా అనలేదు.

నాలుగు రోడ్ల దగ్గర బండ్లు అడ్డమొచ్చి కారు ఆగింది. ఎడమకు తిరిగితే యెమ్మిగనూరు. నేరుగా పోతే పాత బస్టాండు.

"దస్తగిరీ, క్షమించినానని మౌలాలికి చెప్పినావా?" అని అడిగారు హజరత్.

"లేదు హజరత్."

"ఆ రోజు వాడెందుకు కేకలేసినాడు?"

ఎందుకో దస్తగిరికి తెలుసు. మౌలాలి అప్పుడు హుబ్లీలో పనిచేసేవాడు. బస్సు రాష్ట్రం సరిహద్దు దాటిందని, గంటలో ఊళ్లో ఉంటానని ఫోన్ చేశాడు. పొద్దుపోతోంది, ఇక మట్టి చేసేద్దామని పెద్దలెవరో అంటే, దస్తగిరే సరేనన్నాడు. మౌలాలి గోరీల దొడ్డికి పరిగెత్తుకుంటూ వచ్చేసరికి మట్టి కప్పేశారు.

"నాయన ముఖం చూడనిస్తివి కాదని" అన్నాడు దస్తగిరి మెల్లగా.

"వాడు నిన్ను క్షమించినాడా?"

వెనక నుంచి హారన్లు మోగాయి. దస్తగిరి కారును నేరుగా పోనిచ్చాడు.

షాపు ముందు ఆగిన కారును మౌలాలి మొదట గుర్తుపట్టలేదు. వెనక సీట్లో అమ్మను చూసి, చేతిలో స్పానరు అక్కడే పడేసి వచ్చి తలుపు తీశాడు. అమ్మను లోపల కూలరు ముందర కూచోబెట్టి, మిషను దొర్లించుకొచ్చి పైపులు తగిలించి మీట నొక్కాడు. గాలి లాగుతున్న చప్పుడు గుర్రుమని మొదలైంది.

"అర్ధగంట పట్టుతుంది" అన్నాడు, ఎవరితోనని లేకుండా.

హజరత్ దగ్గర్లో మసీదెక్కడని అడిగి, మౌలాలి వీధి చివరకు చూపిస్తే, మరకల జుబ్బాతోనే అటు నడిచారు.

బానెట్‌కు అటొకరు, ఇటొకరు. మిషను మీది ముల్లు నెమ్మదిగా కిందికి దిగుతోంది. మౌలాలి దాన్నే చూస్తున్నాడు. దస్తగిరి తమ్ముణ్ణి చూస్తున్నాడు. చెవుల దగ్గర వెంట్రుకలు నెరిశాయి. తల ఒక పక్కకు వంచి నిలబడటం అచ్చం నాయనలాగే ఉంది.

"మౌలా" అన్నాడు దస్తగిరి.

మౌలాలి తల ఎత్తలేదు. కానీ పక్కనున్న స్టూలును కాలితో అన్న వైపు జరిపాడు.

"చెప్పన్నా."