మడుగు దావా, ముళ్ళపంది వకీలు

అనగా అనగా, నీళ్ళు తాగడానికి కూడా పెద్దవాళ్ళు, చిన్నవాళ్ళు అనే వరుస ఉన్న రోజుల్లో, నల్లగుట్ట అనే ఒక అడవి ఉండేది. ఆ అడవికి రాజు మందగమనుడనే ఏనుగు. పేరుకు తగ్గట్టే ఆయన నడకా నెమ్మది, మాటా నెమ్మది, తీర్పూ నెమ్మది.

వేసవి వచ్చిందంటే ఆ అడవిలో వాగులు ఎండేవి, కుంటలు ఎండేవి. చివరకు ఒక్క మడుగు మిగిలేది. అక్కడి ఆనవాయితీ ఏమిటంటే, అడవిదున్నలు ముందు తాగాలి. అవి తాగి ఊరుకుంటాయా? నీళ్ళలో దిగి పొర్లుతాయి, కుమ్ముకుంటాయి, మెడదాకా మునిగి నెమరు వేస్తాయి. వాటి సరదా తీరేసరికి పొద్దు నడినెత్తికి వస్తుంది. అందాకా చుక్కల జింకలు ఎండలో నిలబడాలి. ఇంతా నిలబడితే వాటికి మిగిలేది బురద.

బిందుమతి అనే జింకకు ఆ వేసవిలో ఒక పిల్ల పుట్టింది. బురద తాగి తాగి ఆ పిల్లకు జబ్బు చేసింది. లేచి నిలబడబోతే కాళ్ళు వణికేవి. బిందుమతి దున్నల పెద్ద కాలమేఘుడి దగ్గరకు వెళ్ళి, పిల్లలనైనా ముందు తాగనివ్వమని బతిమాలింది. అతను నెమరు ఆపకుండానే, తాతల నాటి వరుస మార్చడానికి తానెవరని అడిగాడు. అడిగి, ఇంకాస్త లోతుకు దిగి పడుకున్నాడు.

ఇక రాజుగారి సభలో దావా వేయడమే దారి అని జింకల మంద తీర్మానించింది. కానీ ఏనుగు కాళ్ళ ఎదుట జింకకు నోరు పెగలదు కదా. మాట్లాడడానికి ఒక వకీలు కావాలి. వెతికే పని బిందుమతి మీద పడింది.

ముందు గోరువంక దగ్గరకు వెళ్ళింది. గోరువంక సంగతి సగం వినకముందే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. జింక కళ్ళ మీద, తల్లి ప్రేమ మీద అప్పటికప్పుడు ఒక ప్రసంగం చేసింది. వింటుంటే బిందుమతికే ఏడుపు వచ్చింది. అంతా అయ్యాక, మడుగు ఎప్పుడైనా చూశారా అని మెల్లిగా అడిగింది. చూడనక్కరలేదు, నీళ్ళు ఎక్కడైనా నీళ్ళే అని గోరువంక రెక్కలు సర్దుకుంది. బిందుమతి దణ్ణం పెట్టి వచ్చేసింది.

తరువాత నక్క దగ్గరకు వెళ్ళింది. నక్క ఏడవలేదు, నవ్వింది. తీర్పు తన తోకకు కట్టుకున్నట్టే అనుకోమంది. దున్నలు రాజుగారిని తిట్టాయని చెప్పడానికి రెండు కాకులను తయారు చేస్తానంది. దున్నలు నిజంగా తిట్టాయా అని బిందుమతి అడిగింది. అంత అమాయకంగా ఉంటే దావాలు గెలవరని నక్క జాలిపడింది.  అబద్ధంతో గెలిచిన నీళ్ళు తన బిడ్డకు వద్దనుకుని బిందుమతి వెనక్కి తిరిగింది. నక్కకు అది పెద్ద అవమానమైంది.

మిగిలింది ముళ్ళపంది. ముళ్ళపందిని ఎవరూ పేరంటానికి పిలవరు, పక్కన కూర్చోరు. ఒంటి మీద ముళ్ళు సరే, మాటలకు కూడా ముళ్ళే. బిందుమతి చెప్పినదంతా అది కదలకుండా విన్నది. వినడం పూర్తయ్యాక అన్నీ ప్రశ్నలే. పిల్ల ఎప్పుడు జబ్బుపడింది, ఒడ్డు ఎటు పల్లం, దున్నలు ఎటు దిగుతాయి, జింకలు ఎక్కడ నిలబడతాయి. గెలుస్తామా అని బిందుమతి అడిగితే, గెలుస్తామని చెప్పడం తన పని కాదంది. మర్నాడు పొద్దున్నే వచ్చి మడుగు పక్క పొదలో కూర్చుంది. పొద్దు వాలేదాకా అక్కడే ఉంది.

బయటికి వచ్చి మందనంతా పిలిచి ఒక్క మాట అడిగింది. "మీ తరువాత ఎవరు తాగుతారు?"

జింకలు ముఖాలు చూసుకున్నాయి. కుందేళ్ళు అని ఒక ముసలి జింక చెప్పింది. అవి మీతో కలిసి ఎందుకు తాగవని ముళ్ళపంది అడిగింది. అది ఆనవాయితీ అని ఆ ముసలి జింక నోట్లోంచి మాట జారింది.

"ఈ మాటే కాలమేఘుడు అంటే మీకు ఒళ్ళు మండింది. సభలో తప్పకుండా అడిగేది ఇదే. జవాబు లేకపోతే ఈ దావా నేను పట్టను," అంది ముళ్ళపంది.

మంద గోలగోల అయిపోయింది. దున్నల మీద వాదించమని పిలిస్తే మనకే పాఠం చెబుతున్నదని కొందరు, నక్కే నయమని కొందరు. నిజం చెప్పొద్దూ, మనమైనా అంతే. మన తరఫున మాట్లాడవలసినవాడు మన తప్పు చూపిస్తే మనకూ చురుక్కుమంటుంది. బిందుమతికీ చురుక్కుమంది. కానీ ఆమె అరవలేదు. కుందేళ్ళ బొరియల వైపు నడిచింది.

బొరియ ముందు దర్భమ్మ అనే ముసలి కుందేలు తన మనవలతో వంగి నేలను నాకుతోంది. బిందుమతి దగ్గరకు వెళ్ళి చూసింది. జింకల డెక్కల గుంటల్లో నిలిచిన తడి అది. తన కాలి గుర్తే ఒక కుందేలు పిల్లకు గిన్నె అయింది. అందులో ఉన్నది బురద కూడా కాదు, బురదలో మిగిలిన చెమ్మ. తన బిడ్డ కోసం అంత ఏడ్చిన తాను ఇన్నాళ్ళూ ఈ బిడ్డలను చూడనే లేదు. సిగ్గుతో ఆమె తల వంగిపోయింది.

"అవ్వా, రేపటినుంచి మీరు మా పక్కనే తాగాలి. ఇన్నాళ్ళూ చేసింది తప్పే," అంది.

దర్భమ్మ వెంటనే నమ్మలేదు. పెద్దవాళ్ళ మంచితనం ఎంతసేపుంటుందో ఆమెకు తెలుసు. మర్నాడు కుందేళ్ళు భయపడుతూ, ఆగుతూ, చెవులు నిక్కించుకుంటూ ఒడ్డుకు వచ్చాయి. కొన్ని జింకలు మూతి ముడుచుకున్నా పక్కకు జరిగాయి. దొరికింది అదే బురద. అయినా అందరూ కలిసి తాగారు. ఆ సాయంత్రం ముళ్ళపంది దావా పట్టింది.

సభ రోజు వచ్చింది. చూస్తే, దున్నల తరఫు వకీలు నక్క.

నక్క మొదట తాతల నాటి వరుస గురించి చెప్పింది. ముళ్ళపంది లేచి, తాతలు ముందు తాగారేమో, తాగాక మధ్యాహ్నం దాకా అందులో పడుకోమని కూడా చెప్పి పోయారా అని అడిగింది. సభలో కిసుక్కుమన్నారు. కాలమేఘుడు మాత్రం నవ్వలేదు.

రెండోసారి నక్క బలం గురించి చెప్పింది. పులి వస్తే అడ్డం నిలిచేది దున్నలేనంది. నిజమేనని ముళ్ళపంది ఒప్పుకుంది. ఒప్పుకుని, పులి వాసన పట్టి ముందు కేక వేసేది జింక, ఆ కేక వినబట్టే దున్న కొమ్ము ఎత్తుతుంది అంది. రాజుగారు నెమ్మదిగా తల ఊపారు.

మూడోసారి నక్క గొంతు తగ్గించి, తీయగా అడిగింది. సమానత్వం అడిగే ఈ జింకలు కుందేళ్ళను ఎప్పుడు తాగనిస్తాయో చెప్పమంది.  బిందుమతి ముళ్ళపంది వైపు చూసింది.

ముళ్ళపంది దర్భమ్మను పిలవమంది. ముసలి కుందేలు ఏనుగు ఎదుట నిలబడింది.

"ప్రభూ, నక్కగారు చెప్పింది మొన్నటిదాకా నిజం. నా మనవలు వీళ్ళ డెక్కల గుంటల్లో నాకి బతికారు. ఇప్పుడు వీళ్ళ పక్కనే తాగుతున్నారు. ఈ తల్లి మా గుమ్మానికొచ్చి తప్పు ఒప్పుకుంది. దున్నల్లో ఎవరినైనా అలా వచ్చి తప్పు ఒప్పుకోమనగలిగితే, అనండి," అంది.

నక్క కూర్చుంది. అప్పుడు ముళ్ళపంది ముందుకు వచ్చింది.

"ప్రభూ, నేను ఆ ఒడ్డున ఒక రోజంతా కూర్చున్నాను. మడుగు గుండ్రంగా ఉంది. గుండ్రటి ఒడ్డుకు ముందువరస ఏది, వెనకవరస ఏది? చుట్టూ నిలబడితే అందరూ ముందే. వరుస నీళ్ళు పెట్టింది కాదు, మనం పెట్టుకున్నది."

 తాను కూడా రోజూ ఆ మడుగులోనే జలకాలాడతానని మందగమనుడికి గుర్తొచ్చింది. గుర్తొచ్చినందుకు కొంచెం సిగ్గుపడి, ఆ సిగ్గును దాచుకోలేదు. పొద్దున్నే అందరూ ఒడ్డు చుట్టూ నిలబడి ఒకేసారి తాగాలని, ఆఖరి కుందేలు పిల్ల తాగేదాకా నీళ్ళలో ఎవరూ దిగకూడదని తీర్పు చెప్పాడు. ఆ ఎవరిలో తానూ ఉన్నానన్నాడు. దున్నలు ఎప్పటిలాగే కాపలా ఉండాలి, ఆ గౌరవం వాటిదే.

మర్నాడు నీళ్ళు అద్దంలా ఉన్నాయి. కాలమేఘుడు బిగుసుకుని ఓ పక్కన నిలబడ్డాడు. అతని దూడ మాత్రం అదేం పట్టించుకోక, బిందుమతి పిల్ల పక్కనే మూతి పెట్టి తాగింది. కాసేపటికి పెద్దాయన కూడా వంగి తాగాడు. ఇన్నేళ్ళుగా ముందు తాగినా, అంత హాయిగా ఎప్పుడూ తాగలేదని తరువాత ఎవరితోనో అన్నాడట. వారం తిరక్కుండానే బిందుమతి పిల్ల గంతులు వేసింది.

బిందుమతి ముళ్ళపంది దగ్గరకు వెళ్ళి ఫీజు ఏమివ్వమంటారని అడిగింది. ముళ్ళపంది మాట మొదటిసారి తడబడింది. తన ముళ్ళకు భయపడి ఎవరూ దగ్గరకు రానివ్వరని, తాను రోజూ అందరూ వెళ్ళిపోయాక ఒంటరిగా తాగుతానని చెప్పింది. ఒడ్డున కాస్త చోటు ఇస్తే చాలంది.

బిందుమతి కళ్ళు చెమర్చాయి. ఆ మర్నాటినుంచి జింకలకు, కుందేళ్ళకు మధ్య ముళ్ళపందికి ఒక చోటు ఉండేది. చోటు కొంచెం వెడల్పుగానే వదిలేవారనుకోండి. స్నేహం వేరు, ముళ్ళు వేరు కదా.

అందుకే పిల్లలూ, పైవాళ్ళను మనం అడిగే హక్కును ముందు మన కిందివాళ్ళకు ఇవ్వాలి. ఆ సంగతి మన ముఖం మీదే చెప్పగలిగినవాడినే వకీలుగా పెట్టుకోవాలి.