గుప్పిట విప్పిన పేరు

ముందే చెబుతున్నాను, నా కట్టుడు పళ్ళ మీద ఒట్టు, ఈ కథలో ప్రతి ముక్కా నిజం. అబద్ధమైతే ఈ జన్మంతా జంతికలు చప్పరించే బతుకుతాను. పేర్లు ఎక్కడో విన్నట్టుందని మధ్యలో అడ్డుపడకు. కాళ్ళు దుప్పట్లో పెట్టుకుని విను.

అనగనగా బెల్లం వాసన వేసే ఒక ఊళ్ళో ముత్యాలు అనే కోడలు ఉండేది. ఆ ఊళ్ళో గాలిక్కూడా చీమలు పట్టేవి. ముత్యాలుకి పుట్టుకతోనే చెవులు వినపడవు, మాట రాదు. పైడమ్మ అని ఆమెకో అక్క. చిన్నప్పుడు ఆ అక్కాచెల్లెళ్ళు చేతులతోనే ఒక భాష అల్లుకున్నారు. అది వాళ్ళిద్దరికే వచ్చు, కన్నతల్లికి కూడా సగమే తెలిసేది. అందులో మనుషులందరికీ చేతిపేర్లు. అక్క పేరు ముక్కుపుడక మీద వేలు. అత్త గవరమ్మ పేరు నడుం మీద చెయ్యి. ఆ సంగతి గవరమ్మకి తెలియదు.

ఆ తర్వాత ఏటి అవతల, అత్తవారింట్లో, పైడమ్మకి పాప పుట్టింది. బారసాల నాడు పాపకి చేతిపేరు పెట్టాల్సింది ముత్యాలే. చెవికి పేరు ఎవరైనా పెడతారు. చేతిపేరు లేకపోతే ఆ పాపని పిలవడం ఆ పిన్నికి ఎప్పటికీ కుదరదు.

అప్పుడు తుఫాను వచ్చింది. ఎంత తుఫానంటే, కొబ్బరిచెట్లు లేచి పక్కవాళ్ళ పెరట్లోకి వెళ్ళి నిలబడ్డాయి. సెల్ టవరు ఒరిగింది. ఏరు పొంగి దారి మునిగింది. బారసాల నాటికి కరెంటు వచ్చింది గానీ ఏరు తగ్గలేదు. ఇక మిగిలింది ఇంట్లో వైఫై ఒక్కటే.

ఆ వైఫై డబ్బా కింద హాల్లో గోడకి ఉంది. మబ్బుకి హాలంతా మసకగా ఉంది. చేతులు కనపడాలంటే సరిగ్గా దాని నెత్తి మీదున్న పైగదిలో, కిటికీ దగ్గర కూర్చోవాలి. ముత్యాలు అక్కడ కూర్చుని అక్కకి వీడియో కాల్ చేసింది. మధ్యాహ్నం లోపు పాపని ఉయ్యాల్లో వేసెయ్యమంటున్నారనీ, పేరు పెట్టనిదే తాను ఒళ్ళో నుంచి దింపననీ అక్క చేతులతో చెప్పింది.

ముత్యాలు అనుకున్న పేరు ఇది: గుండె దగ్గర గుప్పిట మూసి, పైకి తెస్తూ ఒక్కో వేలూ విప్పాలి, మొగ్గ విచ్చుకున్నట్టు. ఆమె గుప్పిట మూసింది. అంతే, ఫోన్లో బొమ్మ బిగుసుకుపోయింది. వాళ్ళ భాషలో మూసిన గుప్పిటంటే గుద్దు. బంగారంలాంటి పిల్లకి గుద్దని పేరు.

అప్పుడు ముత్యాలు మొగుడు సింహాద్రి కిందికి దిగాడు. డబ్బాకి అడ్డంగా గవరమ్మ ఇత్తడి గంగాళం ఉంది. అందులో ఏనుగుపిల్ల ఈత నేర్చుకోవచ్చు. దాని వెనక డబ్బా కొమ్ములు, అదే యాంటెన్నాలు, రెండూ ముడుచుకుని ఉన్నాయి. గంగాళాన్ని పక్కకి జరిపాడు. ఈసారి పేరు రెండు వేళ్ళ దాకా వెళ్ళి ఆగిపోయింది.

ఆ తర్వాత గవరమ్మ లేచింది. "పైగది ఎటున్నాదో దానికెలా తెలుస్తాదిరా? ఏలెట్టి సూపించాల," అని రెండు కొమ్ములనీ నిటారుగా పైకప్పుకి గురిపెట్టింది. ఈసారి బొమ్మే పోయింది.

అప్పుడు ముత్యాలు దిగివచ్చి కింది మెట్టు మీద కూర్చుంది. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుంది. ఆమె చేతులు కదలకపోతే, ఇక ఆమెకి మాట లేనట్టే.

ఎదురుగా గోడకి ట్యూబులైటు వెలుగుతోంది. దాని పైనా కిందా గోడంతా తెల్లగా ఉంది. రెండు కొనల దగ్గర మాత్రం మసక. ముత్యాలు చాలాసేపు దాన్నే చూసింది. వెలుగు కొన నుంచి రావడం లేదు, ఒంటి పొడుగునా వస్తోంది. ఆ తర్వాత కొమ్ముల వైపు చూసింది. రెండూ పైగదికి కొనలే చూపిస్తున్నాయి.

ఆమె లేచి ఒక కొమ్ముని కింది గదుల కోసం నిలబెట్టే ఉంచింది. రెండోదాన్ని పైగది కోసం పక్కకి పడుకోబెట్టింది. "అది తొంగుంటే పనేటి సేస్తాది?" అంది గవరమ్మ. ముత్యాలుకి వినపడలేదు కాబట్టి ఆగలేదు.

పైకి వెళ్ళి మళ్ళీ కలిపింది. అక్క ముఖం కనిపించింది, ముక్కుపుడక మీద మెరుపుతో సహా. ముత్యాలు గుప్పిట మూసింది. మెల్లగా పైకి తెచ్చింది. ఒక వేలు, ఇంకో వేలు, ఆ పైన అన్నీ. ఎక్కడా ఆగలేదు. అవతల పైడమ్మ పాప ముఖం మీదుగా అదే పేరు విప్పింది. పాప దాన్ని చూసి తన పిడికిలి తెరిచింది. నా పళ్ళ మీద మళ్ళీ ఒట్టు.

ముత్యాలు వెనక్కి తిరిగింది. గుమ్మంలో గవరమ్మ నిలబడి, కీళ్ళనొప్పుల చేత్తో, ఒక్కో వేలే కష్టంగా విప్పుతోంది. ఆ రోజుతో ఆ భాష ఇంకొకరికి వచ్చింది.

నిలిచింది ఒక కొమ్ము, ఒరిగింది ఒక కొమ్ము,
గుప్పిట్లో విచ్చింది పాప పేరు సుమ్మీ.
కథ వెళ్ళె కంచికి, పాప ఉయ్యాలకి,
నువ్వూ నేనూ ఇంక మన మంచానికి.

మంచానికి ఇప్పుడే కాదు, లే. కిందికి వెళ్ళి, డబ్బా కొమ్ముకి నువ్వు తగిలించిన టోపీ తీసేసి, ఒక కొమ్ము పక్కకి పడుకోబెట్టి రా. మన గదీ మేడ మీదేగా. పొద్దున్నే మీ పిన్ని వీడియోలో నిన్ను పేరు పెట్టి పిలుస్తుంది. సగంలో ఆగిందో, నువ్వు మళ్ళీ గుద్దువే.